మూడు వేల బిరడాలు

నేను పీకినన్ని వైన్ సీసాల బిరడాలు పీకిన మనిషి చిత్తూరు జిల్లాలో ఇంకొకడు లేడు. మూడు వేలు. ఒకటి ఎక్కువ ఉంటుందేమో గానీ తక్కువ ఉండదు. సీసా మెడను ఎడమ చేత్తో పట్టి, మోకాళ్ళ మధ్య ఇరికించి, ఊపిరి బిగబట్టి లాగితే బిరడా టప్‌మంటూ వస్తుంది. ఆ చప్పుడును బట్టి లోపలున్నది నల్ల ద్రాక్షదో తెల్ల ద్రాక్షదో కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి.

ఈ మాటలు మా ఎదురింటి టిఫిను అంగడి బెంచీ మీద కూర్చుని చాలాసార్లు చెప్పాను. చెప్పినప్పుడల్లా సీసాలు పెరిగాయి. ముప్పై ఏళ్ళు బస్సులో టిక్కెట్లు కొట్టిన కండక్టరుకు, డెబ్బై రెండేళ్ళ ముసలివాడికి, ఇంత చరిత్ర ఉందా అని విన్నవాళ్ళు నోళ్ళు తెరిచారు. తెరిచిన నోళ్ళను చూస్తే నాకు ఇంకా చెప్పాలనిపిస్తుంది. అది నా జబ్బు.

ఆ మాటలు ఒకరి కాపురాన్ని ఎంతదాకా తీసుకుపోయాయో రాయాలని కూర్చున్నాను. కాబట్టి పైన కట్టిన గోడను నేనే పడగొట్టుకుంటూ పోవాలి.

మొదటిది, మూడు వేలు కావు. అరబస్తా. ఇరవై ఐదు కిలోల బియ్యం సంచిలో సగానికి వచ్చాయి. మా ఇంటావిడ వాకిట్లో కుప్ప పోసి చూసి, నాలుగు వందలకు పైన ఉంటాయని చెప్పింది. రెండోది, వాటిలో ఒక్కటి కూడా నేను పీకలేదు. నా జన్మలో నేను తెరిచిన వైన్ సీసా ఒక్కటే. దానికి కూడా బిరడా పైకి రాలేదు. స్క్రూడ్రైవరుతో పొడిస్తే సగం పొడి అయింది. మిగతా సగాన్ని పప్పుగుత్తి కాడతో లోపలికే తోసేశాను. అది సీసాలో తేలుతూ, వంచినప్పుడల్లా మెడకు అడ్డం పడుతూ, నన్ను చూసి నవ్వుతున్నట్టుండేది. గ్లాసులో పడిన నాలుగు చుక్కలు నేరేడుపండు కషాయంలాగా ఉన్నాయి. తక్కింది మా పెరట్లో కరివేపాకు చెట్టుకు పోశాను.

మరి బిరడాలు ఎక్కడివంటే, మా తమ్ముడి కొడుకు బెంగుళూరులో ఒక పెద్ద హోటలు వంటింట్లో పని చేస్తాడు. అక్కడ పార్టీలు జరిగిన మరునాడు బిరడాలను చెత్తలో పోస్తారట. పనికిరాని వస్తువు కనబడితే నేను వదలనని వాడికి తెలుసు. వాడి చిన్నప్పుడు అయిపోయిన టిక్కెట్ల పుస్తకాల అట్టలతో వాడికి బస్సులు చేసి ఇచ్చేవాణ్ణి. ఆ గుర్తుతో బిరడాలు పోగు చేసి పెట్టాడు. పోయిన మామిడికాయల కాలంలో వాడి గృహప్రవేశానికి నేను బెంగుళూరు పోయాను. మా ఇంటావిడకు మోకాళ్ళ నొప్పి, రాలేదు. తోడుగా ఎదురింటి డ్రైవరును పిలుచుకుపోయాను. రెండు రోజులు ఉండి వచ్చాము.

ఈ డ్రైవరు సంగతి ఇక్కడే చెప్పాలి. పలమనేరు నుంచి చెన్నైకి టమోటా లారీ తోలేవాడు. నాకంటే పదిహేనేళ్ళు చిన్న. నన్ను అన్నా అంటాడు. లారీ తోలినన్నాళ్ళూ తాగాడు. మామూలు తాగుడు కాదు. ఒకసారి టమోటా లోడు మొత్తం మురిగిపోయేదాకా లారీలోనే నిద్రపోయాడు. ఇది నేను పెంచి చెప్పడం లేదు. వాళ్ళావిడది నగరి. మగ్గాల ఇంటి పిల్ల, మాట తక్కువ. నాలుగేళ్ళ కిందట ఒకరోజు ఏమీ అనకుండా పెట్టె సర్దుకుని నగరి బస్సెక్కింది. ఇతను మూడు నెలలు తిరిగి తిరిగి బతిమాలితే ఒక్కటే మాట చెప్పిందట.

"కాణిపాకంలో చెప్పు. ఇంట్లో చెప్పేది నాకు చాలు చాలు అనిపించినాది."

మా ప్రాంతంలో ఆ మాటకు పైమాట లేదు. కాణిపాకం వినాయకుడి ముందు తలస్నానం చేసి, తడిబట్టలతో నిలబడి అబద్ధం చెప్పిన మనిషి బాగుపడడని మాకు పుట్టుకతోనే నేర్పుతారు. కోర్టులో అబద్ధం చెప్పి వచ్చినవాళ్ళను నేను ఎరుగుదును. కాణిపాకంలో చెప్పినవాణ్ణి ఎరగను. డ్రైవరు మునిగి, తడిబట్టలతో నిలబడి, ఇక ముట్టనని చెప్పాడు. ఆమె అక్కడి నుంచే చిత్తూరుకు వచ్చేసింది. ఆ తర్వాత లారీ మానేసి, ఇద్దరూ ఇంటి ముందర రేకులు దించి టిఫిను అంగడి పెట్టారు. ఆమె ఇడ్లీ, కారం దోసె చేస్తుంది. అతను ఉద్దిపప్పు రుబ్బించుకుని వస్తాడు, ఆకులు కడుగుతాడు, చట్నీ వడ్డిస్తాడు. నాలుగేళ్ళు ఒక్క చుక్క ముట్టలేదు. దానికి నేను సాక్షి.

బెంగుళూరు నుంచి వచ్చేటప్పుడు బిరడాల సంచి నా ఒళ్ళో ఉంది. పలమనేరు దాటేసరికి ఎండకు సంచి వేడెక్కి పుల్లటి వాసన కొట్టింది. పక్క సీటామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. డ్రైవరు కిటికీలోంచి బయటికి తల పెట్టి కూర్చున్నాడు.

"ఏమప్పా, వాసన పడలేదా" అన్నాను.

"వాసన పడేదే కదన్నా కష్టం" అన్నాడు.

అప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నవ్వు రాదు.

ఇంటికి వచ్చాక మా ఇంటావిడ సంచిని గడప దాటనివ్వలేదు. కల్లంగడి వాసన దేవుడి పటాల దాకా వస్తుందని చెప్పి నన్నూ సంచినీ కలిపి పంచలోకి పంపింది. ఆ పంచలోనే నా కార్ఖానా మొదలయింది.

ఏమేమి చేశానో చెబితే గొప్పలనుకుంటారు. అయినా చేసినవి చేసినట్టే చెబుతాను. కత్తిపీట కొనకు ఒక బిరడా గుచ్చాను, ఆనాటి నుంచి మా ఇంట్లో ఎవరికీ కాలి వేలు తెగలేదు. నీళ్ళ సంపులో తాళంచెవులు పడి రెండుసార్లు మనిషిని దించాల్సి వచ్చింది, అందుకని తాళాల గుత్తికి రెండు బిరడాలు కట్టాను. ఇప్పుడు పడినా బాతుపిల్లలాగా తేలుతుంది. నూనె సీసాలకు మూతలయ్యాయి. వాకిలి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డమయ్యాయి. అడ్డంగా కోసి మొలక గింజలు నాటాను, అవి మాత్రం రాలేదు. బిరడా చివర గుండ్రంగా నునుపు చేసి, బియ్యప్పిండి నీళ్ళలో ముంచి అద్దితే ముగ్గు చుక్కలు అచ్చుపోసినట్టు పడతాయి. మా వీధి మొత్తం నా బిరడాలతోనే చుక్కలు పెడుతుందని బెంచీ మీద చెప్పేవాణ్ణి. నిజానికి పెట్టింది మా ఇంటావిడ ఒక్కతే, అది కూడా ఒక్క శుక్రవారం. ఎర్ర వైనులో నానిన బిరడా కావడంతో చుక్కలు వంకాయ రంగుకు తిరిగాయి. ఆమె వాటిని చీపురుతో కడిగేసి, వేళ్ళతోనే పెట్టుకుంది.

ఎదురింటి అంగడికి రెండు పనులు చేసిచ్చాను. బెంచీలు జరిపినప్పుడల్లా గచ్చు మీద గీరుకుని పళ్ళు జివ్వుమనేవి. కాళ్ళకు బిరడాలు తొలిచి తొడిగాను. చప్పుడు ఆగింది. రెండోది, దించిన ఇడ్లీ పాత్ర పెట్టుకోవడానికి బిరడాలను నిలువుగా పేర్చి, బంక పెట్టి, చుట్టూ కట్టుతీగ బిగించి గుండ్రటి దిమ్మె చేశాను. ఎనభై బిరడాలు పట్టాయి. పది రోజులు చేశాను. ఇంత ఓపికతో నేను ఏ పనీ చేయలేదు.

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "బెండు ముక్కలు కదన్నా ఇవి. కాలవా?"

"కాలవు చెల్లెమ్మా. వేడి దిగదు. గుడ్డలు మాడే పని లేదు నీకు."

"బాగుండాది" అంది. ఆమె నోట ఆ మాట రావడం అరుదు. నాకు పొంగు వచ్చింది. ఆ పొంగులోనే మిగతాదంతా జరిగింది.

మరునాడు పొద్దున ఏడు గంటలకు బెంచీ నిండా జనం. డ్రైవరు అరటాకుల కోసం పోయి ఉన్నాడు. ఆమె లోపల దోసె పెనం దగ్గర ఉంది. ఆవిర్లు కక్కుతున్న ఇడ్లీ పాత్రను తెచ్చి నా దిమ్మె మీద పెట్టి లోపలికి పోయింది. రెండు నిమిషాలు కాలేదు, పాత్ర వేడికి బిరడాల్లో ఎండిపోయి దాక్కున్న వైనంతా మేలుకుంది. ఇడ్లీ వాసన, అల్లం చట్నీ వాసన, వాటి నెత్తిన పుల్లటి మందు వాసన.

నా పక్కన కూర్చున్న బేల్దారి మేస్త్రీ ముక్కు ఎగబీల్చాడు. "ఏంది ప్పా ఇది, పొద్దున్నే వైన్ షాపు వాసన కొడతా ఉండాది?"

మా ఊళ్ళో వైన్ షాపుల్లో వైన్ తప్ప తక్కినవన్నీ దొరుకుతాయి. అక్కడ అమ్మేది ఏదైనా మాకు వైనే. మేస్త్రీ అన్న మాటకు బెంచీ మొత్తం దిమ్మె వైపు వంగింది. బిరడాలని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. మా తమ్ముడి కొడుకు హోటలు చెత్తలోనివని చెబితే ఇంకా బాగుండేది. కానీ చెత్తలోనివి అంటే ఎవరు నోరు తెరుస్తారు?

"అవి మేము పీకినవి అబ్బా" అన్నాను.

"మేమంటే?"

నేను ఒక్కణ్ణే మూడు వేల సీసాలంటే నమ్మరు కదా. కథలో ఇంకో మనిషి ఉంటే బలం. "నేనూ, ఈ అంగడాయనా. బెంగుళూరు పోయినాము కదా. రెండు దినాలు. నేను పట్టుకుంటే ఆయన లాగినాడు, ఆయన పట్టుకుంటే నేను లాగినాను. లారీ స్టీరింగు పట్టిన చెయ్యి కదా, బిరడా ఒక్క తిప్పుకే వచ్చేది."

బెంచీ విరగబడి నవ్వింది. మేస్త్రీ నవ్వు ఆపుకోలేక ఇడ్లీ గొంతులో పడి దగ్గాడు. "రెండు దినాలకు ఇన్నా? అయితే ఆయన ముందర బాకీ పడినదంతా తీర్చుకున్నట్టే" అన్నాడు. నేను ఇంకో నాలుగు మాటలు వేశాను. ఏమి వేశానో నాకు బాగా గుర్తుంది, రాయను.

నవ్వు మధ్యలో లోపల పెనం మీద చప్పుడు ఆగింది. దోసె గీరే చప్పుడు ఆగిపోతే బయట కూర్చున్నవాళ్ళకు తెలుస్తుంది, ఆకలి మీద ఉంటారు గనుక. నాకు తెలిసింది. గోడ అవతల ఆమె వింటున్నదనీ తెలిసింది. అప్పుడు లేచి లోపలికి పోయి, చెల్లెమ్మా ఇదంతా ఉత్తదే, ముసలివాడి కోతలు అని ఒక్క మాట అంటే అయిపోయేది. పది అడుగుల దూరం. నేను ఇంకో ఇడ్లీ అడిగాను.

డ్రైవరు ఆకులతో వచ్చేసరికి జనం వాణ్ణి చూసి మళ్ళీ నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో తెలియక వాడు కూడా నవ్వాడు.

ఆ మధ్యాహ్నం అంగడి రేకు దించేశారు. మరునాడు తెరవలేదు. మా పంచకూ వాళ్ళ ఇంటికీ మధ్య వీధి వెడల్పు పది అడుగులు. మాటలు వినపడతాయి.

"రెండు దినాలు యాడ ఉన్నావు?" అంటున్నది ఆమె.

"గృహప్రవేశానికి పోయినానే. నీకు తెల్సు కదా."

"ఆ బెండు ముక్కలు ఎవురు పీకినారు?"

"నేను తాగినన్నాళ్ళూ రేకు మూత తిప్పినోణ్ణి. బెండు మూత ఎట్ల పీకల్లో నాకు తెలీదు."

"బెంగుళూరులో నేర్సుకొనుంటావు."

తర్వాత ఆమె గొంతే మళ్ళీ, నెమ్మదిగా. "కాణిపాకానికి పోదాం రా. ఇంకోసారి చెప్పు. నేను నమ్ముతా."

"రాను."

"ఎందుకు రావు? భయమా?"

"ఒగసారి చెప్పినా. రెండోసారి చెప్తే ఆ మొదుటిది అబద్దమైపోతుంది. నాలుగేండ్లు దానిమీద బతికినాను. దాన్ని పోగొట్టుకోను. నువ్వు నగరి పోతానన్నా సరే."

"పోతా" అంది ఆమె.

నేను పంచలో కూర్చుని ఇంకో దిమ్మెకు బిరడాలు పేరుస్తున్నాను. చేతులు పని చేస్తూనే ఉన్నాయి. చేతులకు సిగ్గు లేదు.

నా మాట ఎలా నడిచిందో చూడండి. ఆ మనిషి జీవితంలో గట్టిగా పట్టుకున్నది ఒకే ఒక్క మాట. దాన్ని నేను నాలుగు నవ్వుల కోసం బెంచీ మీద పరిచాను. పోయి నిజం చెప్పడానికి ప్రతి పొద్దునా చెప్పులు వేసుకునేవాణ్ణి. వీధి దాటేలోపల, చెబితే నా మూడు వేల సీసాలు ఏమవుతాయి అనే ఆలోచన వచ్చేది. బెంచీ మీద ఇక నా మాట ఎవరు వింటారు? ఇంత చిన్న సంగతికి మనిషి ఆగిపోతాడా అని మీరు అనుకోవచ్చు. ఆగిపోయాను. మూడు రోజులు అలా గడిపాను.

నాలుగో రోజు ఆమే వీధి దాటి మా పంచలోకి వచ్చింది. చేతిలో నా దిమ్మె. దాన్ని నా ముందర పెట్టింది.

"అన్నా, ఆయన రానన్నాడు. నువ్వు రా. నువ్వు చెప్పిన మాటే గదా. తలకు పోసుకోని, వినాయకుని ముందర నిలబడి, బెంగుళూరులో మేమిద్దరం తాగినాము అను. అంటే నేను నగరి పోతాను. అనలేకపోతే ఈడే ఉంటాను."

సరే అన్నాను. అక్కడే చెప్పొచ్చు కదా అని మీరు అడుగుతారు. నేను కూడా నన్ను అడిగాను.

కాణిపాకం రూటు నాకు కొత్త కాదు. ఆ రూట్లో ఆరేళ్ళు టిక్కెట్లు కొట్టాను. ప్రమాణానికి పోయేవాళ్ళను ఎక్కేటప్పుడే గుర్తుపట్టేవాణ్ణి. ఇద్దరు ముగ్గురు కలిసి ఎక్కుతారు, కలిసి కూర్చోరు. నిజం ఉన్నవాడు కిటికీ పక్కన కూర్చుని చెరుకు తోటలు చూసుకుంటూ పోతాడు. అబద్ధం ఉన్నవాడు సీటు అంచున కూర్చుని టిక్కెట్టును చేతిలో నలుపుతుంటాడు. ఊరు ఇంకా రెండు స్టాపులు ఉందనగా లేచి, "కండక్టరూ, రవ్వంత ఆపప్పా, ఒంటేలుకు పోవాల" అంటాడు. అలా దిగినవాడు మళ్ళీ ఎక్కడు. గుడి దాకా పోకుండానే తగాదా తీరిపోయేది. నేను ఈల ఊది బస్సు కదిలించేవాణ్ణి. బస్సు మొత్తం నవ్వేది. అందరికంటే ముందు నేనే నవ్వేవాణ్ణి.

ఆ రోజు ముగ్గురం ఎక్కాము. ఆమె ముందర ఆడవాళ్ళ సీట్లో కూర్చుంది. డ్రైవరు, రానన్నవాడు, నేను పోతున్నానని తెలిసి వచ్చాడు. ప్రమాణం చేయనని, చూస్తానని చెప్పాడు. వెనక కిటికీ పక్కన కూర్చున్నాడు. నేను మధ్యలో. కండక్టరు కుర్రవాడు వచ్చి టిక్కెట్టు చేతిలో పెట్టాడు. కాసేపటికి చూసుకుంటే అది నలిగి గోళీ అయి ఉంది. నేను సీటు అంచున ఉన్నాను. ఎప్పుడు జరిగానో నాకే తెలియదు.

వెనక్కి తిరిగి చూశాను. డ్రైవరు చెరుకు తోటలు చూస్తున్నాడు.

ఇక ఆగలేకపోయాను. లేచి నిలబడ్డాను. పై కమ్మీ పట్టుకున్నాను, ముప్పై ఏళ్ళు పట్టుకున్న కమ్మీ. స్టాపుల పేర్లు అరిచిన గొంతుతోనే, బస్సులో అందరికీ వినపడేలా చెప్పాను. బిరడాలు హోటలు చెత్తలోనివనీ, నేను ఒక్క సీసా కూడా పీకలేదనీ, డ్రైవరు బెంగుళూరులో మజ్జిగ తప్ప ఏమీ తాగలేదనీ చెప్పాను. ఆమె వెనక్కి తిరిగి నా వైపు చూడలేదు, డ్రైవరు వైపు చూసింది. తర్వాత ముగ్గురం కాణిపాకంలో దిగి, టెంకాయ కొట్టి, ఒకే బస్సులో తిరిగి వచ్చాము. మరునాడు అంగడి రేకు లేచింది, నా దిమ్మె కూడా మళ్ళీ ఇడ్లీ పాత్ర కిందికి చేరింది.

బెంచీ మీద ఇప్పటికీ ఎవరో ఒకరు, "ఏమప్పా, ఈ వారం బెంగుళూరు పోలేదా?" అని డ్రైవరును అడుగుతుంటారు. వాడు నవ్వి చట్నీ పోస్తాడు. అలవాటైపోయిన మాట, ప్రేమగా అనేది, అందులో ఏమీ లేదు.

ఇక్కడిదాకా రాసి, ఒప్పుకోవాల్సిందంతా ఒప్పుకున్నాననుకున్నాను. మనసు తేలికపడింది. అయినా వాళ్ళ సంగతి వాళ్ళకు చదివి వినిపించకుండా అచ్చుకు పంపడం పద్ధతి కాదని, నిన్న మధ్యాహ్నం అంగడి ఖాళీగా ఉన్నప్పుడు కాగితాలు తీసుకుని పోయాను. డ్రైవరు ఎర్రగడ్డలు ఒలుస్తున్నాడు. ఆమె పెనం తోముతున్నది. మొదటి నుంచీ చదివాను. ఇద్దరూ అడ్డం రాకుండా విన్నారు. మూడు వేలు, నాలుగు వందలు అయిన చోట డ్రైవరు నవ్వాడు. అయిపోయాక ఆమె చేతులు కడుక్కుని కొంగుకు తుడుచుకుంది.

"మూడు దినాలా అన్నా?"

"అంతే కదా చెల్లెమ్మా."

"పదకొండు. పదకొండు దినాలు అంగడి మూసినాము. ఆ పదకొండు దినాలూ ఆయన నా చేతి కూడు తినలేదు. రోడ్డు మీద బన్ను తిని వచ్చి పండుకున్నాడు. అది రాయలేదే నువ్వు?"

నేను కాగితాలు సర్దుకున్నాను.

"బస్సులో లేచి నిలబడి చెప్పినావా?"

"పోనీలేవే, ముసలాయన" అన్నాడు డ్రైవరు, ఎర్రగడ్డ మీద నుంచి తల ఎత్తకుండా.

"నువ్వు గమ్మునుండు. అన్నా, నువ్వు నిలబడింది బస్సు ఆపమనేదానికి. రెండు స్టాపుల ముందర. ఒంటేలుకని దిగినావు. దిగి, వచ్చిన దోవ పట్టుకోని వెనక్కి నడస్తా ఉంటే, నేను కూడా దిగి పరుగెత్తొచ్చి నీ చొక్కా పట్టుకున్నా. అప్పుడు చెప్పినావు. చెరుకు తోట పక్కన. నా ఒగదానికి. బస్సు ఎల్లిపోయినాది. ఈ మనిషి ఒగడే కాణిపాకంలో దిగి, మనం ఇద్దరం యాడికి పోయినామో తెలీక ఎండలో గంటసేపు నిలబడినాడు."

డ్రైవరు ఇంకో ఎర్రగడ్డ తీసుకున్నాడు. కంట్లో నీళ్ళు తిరిగితే ఎర్రగడ్డ మీద పెట్టుకునే వీలుంది వాడికి. నాకు అది కూడా లేదు.

"అది మార్చి రాస్తాను చెల్లెమ్మా" అన్నాను.

"రాసేది ఎందుకు? రాసింది ఈ బెంచీ మింద కూర్సునేవాళ్ళు ఎవురు సదువుతారు? అబద్దం పదిమందిలో చెప్పినావు, నిజం రోడ్డు మింద నా ఒగదానికి చెప్పినావు. నేను ఆపొద్దే నమ్మినా. ఈ మేస్త్రీ వాళ్ళకు నేనేం చెప్పేది? దినామూ బెంగుళూరు బెంగుళూరు అంటారు, ఈయన పండ్లు బిగబట్టుకోని నవ్వతాడు. ప్రేమంటావు." ఆమె నా చేతిలోంచి కాగితాలు తీసి, ఇడ్లీ పాత్ర కింది దిమ్మె మీద పెట్టింది. "రేపు పొద్దున ఏడు గంటలకు బెంచీ నిండా జనం ఉంటారు. వచ్చి చెప్పు."